స్నేహమూ సాక్ష్యమూ: జోసెఫ్ నీడ్‌హామ్ చైనా

1931లో 'కెమికల్ ఎంబ్రియాలజీ' మూడు సంపుటాలుగా అచ్చయ్యేనాటికి జోసెఫ్ నీడ్‌హామ్‌కు ముప్పై ఏళ్లు. గుడ్డులో పిండం పెరుగుతున్నకొద్దీ ఏ పదార్థం ఎంత ఖర్చవుతుంది, ఏది ఎప్పుడు పుట్టుకొస్తుంది అన్నది రసాయనశాస్త్రం చేత చెప్పించాలని ఆయన తాపత్రయం. కేంబ్రిడ్జిలో ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్ నడిపే జీవరసాయన ప్రయోగశాలే ఆయన లోకం. భార్య డొరొతీ అక్కడే కండరాల మీద పరిశోధన చేసేవారు. తర్వాతి కాలంలో భార్యాభర్తలిద్దరికీ రాయల్ సొసైటీ సభ్యత్వం దక్కింది, ఆయనకు 1941లో, ఆమెకు 1948లో. 1931 నాటికి మాత్రం ఆయన జీవితంలో చైనా ఊసే లేదు. చైనా లిపిలో ఒక్క అక్షరం రాదు. అలాంటి మనిషి ఆ తర్వాత బతికినన్నాళ్లూ చైనా విజ్ఞాన చరిత్ర తవ్వుతూనే ఉన్నాడు. 1995 మార్చిలో కన్నుమూసేనాటికీ ఆ పని పూర్తికాలేదు.

స్మారకోపన్యాసంలో ఒక పెద్దాయన పేరు తలుచుకుని, నాలుగు మంచి మాటలు చెప్పి, దండం పెట్టి ముగించడం వాడుక. నీడ్‌హామ్‌కు అది చాలదు. ఒక దేశం మీద అభిమానంతో పని మొదలుపెట్టిన పండితుడు ఆ అభిమానాన్ని సాక్ష్యం ముందు ఎలా నిలబెట్టాలో ఆయన పుస్తకాలు చూపిస్తాయి. అభిమానమే సాక్ష్యం స్థానంలో కూర్చుంటే ఏమవుతుందో కూడా ఆయన జీవితమే చూపిస్తుంది. ఈ రెండూ చెప్పుకుంటేనే ఆయనను గౌరవించినట్టు.

కథ మొదలైంది మనుషులతో. 1937 ప్రాంతంలో చైనా నుంచి ముగ్గురు యువ శాస్త్రవేత్తలు కేంబ్రిడ్జి చేరారు. వారిలో వాంగ్ యింగ్‌లాయ్, 1965లో ఇన్సులిన్‌ను కృత్రిమంగా తయారుచేసిన చైనా బృందానికి సారథుల్లో ఒకరయ్యారు. షెన్ షిజాంగ్ మరొకరు. మూడో వ్యక్తి లూ గ్వేజెన్. నాన్‌జింగ్‌లో మందుల వ్యాపారి కూతురు, 1904లో పుట్టారు, విటమిన్ బి-1 మీద పనిచేస్తూ డొరొతీ నీడ్‌హామ్ దగ్గర పరిశోధన చేయడానికి వచ్చారు. ఆ ఏడాదే జపాన్ సైన్యం నాన్‌జింగ్‌ను ఆక్రమించి మారణహోమం సాగించింది. ఇంటి నుంచి వచ్చే కబుర్ల కోసం ఎదురుచూస్తూ ప్రయోగశాలలో పనిచేసిన ఆ రోజులు ఆమెకు ఎంత బరువుగా గడిచి ఉంటాయో ఊహించుకోవచ్చు.

నీడ్‌హామ్‌కు ఆ ముగ్గురితో మాట్లాడినకొద్దీ ఒక సంగతి ఆశ్చర్యంగా తోచింది. వాళ్ల ఆలోచన తీరుకూ తన ఆలోచన తీరుకూ తేడా ఏమీ కనబడలేదు. అలాంటప్పుడు ఆధునిక విజ్ఞానం గెలీలియో కాలపు యూరప్‌లోనే ఎందుకు పుట్టింది, చైనాలో ఎందుకు పుట్టలేదు? తర్వాత లోకమంతా 'నీడ్‌హామ్ ప్రశ్న'గా పిలుచుకున్నది దీన్నే. లూ గ్వేజెన్‌కూ ఆయనకూ మధ్య ప్రేమ పుట్టింది. డొరొతీకి ఆ సంగతి తెలుసు. ముగ్గురూ జీవితాంతం ఒకరినొకరు గౌరవించుకుంటూ కలిసి మసలారు. ఆయన చైనా భాష నేర్చుకోవడానికి పూనుకున్నది లూ వల్లే. మాట్లాడే భాషతో ఆగక, కేంబ్రిడ్జిలో చైనా భాషాచార్యుడు గుస్టావ్ హాలౌన్ దగ్గర కూర్చుని ప్రాచీన గ్రంథం 'గువాన్‌జీ' చదివారు. నలభై దగ్గరపడుతున్న వయసులో, చేతినిండా ప్రయోగశాల పని ఉండగా, వేల అక్షరాల లిపి నేర్చుకోవడం మాటలు కాదు.

యుద్ధం ఆయనను చైనాకు పంపింది. 1943 ఫిబ్రవరి చివర కలకత్తా నుంచి హిమాలయాల మీదుగా విమానంలో కున్‌మింగ్‌లో దిగారు. అక్కడి నుంచి అప్పటి యుద్ధకాల రాజధాని చోంగ్‌చింగ్. బ్రిటిష్ ప్రభుత్వం తరఫున చైనా శాస్త్రవేత్తలకు సాయం చేసే కార్యాలయాన్ని ఆయన అక్కడ నడిపారు. తూర్పు తీరాన్ని జపాన్ ఆక్రమించడంతో విశ్వవిద్యాలయాలు పుస్తకాలు, పరికరాలు, విద్యార్థులతో సహా వేల మైళ్లు తరలిపోయి లోపలి జిల్లాల్లో గుళ్లలో, పాత సత్రాల్లో తరగతులు పెట్టుకున్నాయి. సూక్ష్మదర్శినికి కావలసిన చిన్న అద్దం ముక్క దొరక్క పరిశోధన ఆగిపోయే స్థితి. నీడ్‌హామ్ లారీలేసుకుని తిరిగి, ఎవరికి ఏ రసాయనం కావాలో, ఏ పత్రిక కావాలో రాసుకుని, విమానాల మీద తెప్పించేవారు. వాళ్ల పరిశోధన పత్రాలను పాశ్చాత్య పత్రికలకు చేరవేసేవారు. 1946 దాకా ఇలా ఆయన చూసిన విద్యాసంస్థలు, ప్రయోగశాలలు, కర్మాగారాలు మూడు వందలకు దగ్గర.

ఆ ప్రయాణాల్లో రెండు చోట్లు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒకటి లీజువాంగ్. సిచువాన్‌లో యాంగ్త్సీ నది ఒడ్డున చిన్న ఊరు. తోంగ్‌జీ విశ్వవిద్యాలయమూ, ఫూ స్సునియెన్ నాయకత్వంలోని చరిత్ర, భాషాశాస్త్ర పరిశోధన సంస్థా అక్కడికి తరలివచ్చి తలదాచుకున్నాయి. 1943 వేసవిలో నీడ్‌హామ్ అక్కడ చైనా విజ్ఞానం గురించి మాట్లాడారు. విన్నవారిలో వాంగ్ లింగ్ అనే యువ చరిత్రకారుడు ఉన్నాడు. ఆ మాటలు బుర్రలో పడ్డాక అతను సంస్థ గ్రంథాలయంలోని పాత పుస్తకాల్లో తుపాకిమందు ప్రస్తావనలు వెతకడం మొదలుపెట్టాడు. 1044లో సంకలనమైన 'వుజింగ్ జోంగ్‌యావ్' అనే సైనిక గ్రంథంలో సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన మందు పాళ్లు ఉన్నాయి. యూరప్‌లో అలాంటి పాళ్లు కాగితం మీదికి ఎక్కడానికి ఇంకా రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. లీజువాంగ్‌లో మొదలైన ఆ వెతుకులాట, లూ గ్వేజెన్, హో పెంగ్‌యోక్, వాంగ్ లింగ్‌ల సహకారంతో 1986లో తుపాకిమందు చరిత్ర సంపుటంగా వెలువడింది. నలభై మూడేళ్లు! పుస్తకం త్వరగా తేవాలన్న తొందర కన్నా పని సరిగ్గా చేయాలన్న పట్టుదల ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

రెండోది దున్‌హువాంగ్. అదే ఏడాది, పారిశ్రామిక సహకార సంఘాల ఉద్యమంలో పేరున్న న్యూజిలాండ్ దేశస్థుడు రీవై ఆలీతో కలిసి నీడ్‌హామ్ వాయవ్య ఎడారి దారిన బయల్దేరారు. లారీ దారి పొడవునా మొరాయిస్తూనే వచ్చింది. చివరికి వేయి బుద్ధుల గుహల దగ్గర చెడిపోయి, బాగుచేయడానికి కావలసిన భాగం దొరక్క వారాల తరబడి అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. నీడ్‌హామ్‌కు ఆ ఆలస్యం వరమైంది. రోజూ గుహ తర్వాత గుహ తిరిగి కుడ్యచిత్రాలు చూస్తూ, రాసుకుంటూ గడిపారు. తేదీ స్పష్టంగా ఉన్న అతి పాత ముద్రిత గ్రంథం, 868 నాటి వజ్రచ్ఛేదిక సూత్రం, దొరికింది ఆ గుహల్లోనే. సంస్కృతంలో పుట్టి, కుమారజీవుడి అనువాదంలో చైనా భాషలోకి వెళ్లి, చెక్కదిమ్మెల మీద అచ్చయిన బౌద్ధ గ్రంథం అది. అప్పటికే దాన్ని పురావస్తు అన్వేషకుడు ఆరెల్ స్టైన్ లండన్‌కు తరలించాడు.

భారతీయ పాఠకుడు ఒక్క క్షణం ఆగి గమనించాల్సిన సంగతి ఇక్కడ ఉంది. ఆ చోంగ్‌చింగ్‌కే 1944 మేలో సర్వేపల్లి రాధాకృష్ణన్ వెళ్లారు. బాంబుదాడుల దెబ్బ తిన్న ఆ నగరంలో ఆయన చేసిన ఉపన్యాసాలు 'ఇండియా అండ్ చైనా' పేరుతో అచ్చయ్యాయి. రాధాకృష్ణన్ తత్వశాస్త్రం, మతం వైపు నుంచి రెండు దేశాల బంధాన్ని చెప్పారు. నీడ్‌హామ్ ఆ బంధాన్ని లెక్కల్లోనూ నక్షత్రాల్లోనూ వెతికారు. చైనా విజ్ఞానం మీద తర్వాత ఆయన తెచ్చిన గ్రంథమాలలో మూడో సంపుటం తిరగేస్తే తాంగ్ రాజ్యంలో ఖగోళ కార్యాలయాన్ని నడిపిన గౌతమ సిద్ధుడు కనిపిస్తాడు. భారతీయ మూలాలున్న కుటుంబం, కాపురం చాంగ్‌ఆన్‌లో. 718లో నవగ్రహ పంచాంగాన్ని ఆయన చైనా భాషలోకి తెచ్చాడు. ఆయన కూర్చిన ఖగోళ గ్రంథంలోనే భారతీయ అంకెల పద్ధతిలో సున్నకు చుక్క పెట్టే రివాజు చైనా కంటపడింది. చైనాకు పేరు తేవాలని కూర్చున్న మనిషి, చైనా ఎవరి దగ్గర ఏం తీసుకుందో కూడా అంతే శ్రద్ధగా రాశారు. నీడ్‌హామ్ నిజాయితీకి ఇది పెద్ద గుర్తు.

యుద్ధం తర్వాత ఆయన కొంతకాలం పారిస్‌లో ఉన్నారు. కొత్తగా పుడుతున్న ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థలో విజ్ఞానశాస్త్రానికీ చోటుండాలని వాదించి, పేరులోనే ఆ మాట చేరేలా పట్టుబట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. ఆ సంస్థలో విజ్ఞానశాస్త్ర విభాగానికి తొలి అధిపతీ ఆయనే. 1948లో కేంబ్రిడ్జికి తిరిగొచ్చి, విశ్వవిద్యాలయ ప్రచురణాలయానికి ఒక ప్రతిపాదన పంపారు: చైనాలో విజ్ఞానం, నాగరికత గురించి ఒక పుస్తకం. ఒకే ఒక్క సంపుటం! అది ఏడు సంపుటాల పథకంగా మారింది. ఆ ఏడూ భాగాలుగా, ఉపభాగాలుగా చీలి పాతిక పుస్తకాల దాకా పెరిగాయి.

'సైన్స్ అండ్ సివిలైజేషన్ ఇన్ చైనా' మొదటి సంపుటం 1954లో వచ్చింది. దాన్ని ఆయన అంకితం ఇచ్చింది ఏ మహారాజుకో, ఆచార్యుడికో కాదు, లూ గ్వేజెన్ తండ్రికి. నాన్‌జింగ్ నగరంలో మందుల వ్యాపారి అని పేరుతో పాటు వృత్తి కూడా రాశారు. ఎన్నో తరాల వైద్యులు, కమ్మరులు, వడ్రంగులు, నావికులు పోగుచేసిన జ్ఞానాన్ని చరిత్రలోకి ఎక్కించబోయే పుస్తకానికి అంతకన్నా తగిన మొదటి పేజీ ఉండదు.

ఆ పని ఎలా సాగిందో దగ్గరగా చూడాలంటే గడియారం కథ చాలు. యాంత్రిక గడియారం యూరప్‌లో 13వ శతాబ్దం చివర పుట్టిందనీ, అంతకు ముందు ప్రపంచంలో ఎక్కడా లేదనీ అందరూ నమ్మేవారు. అయితే సోంగ్ రాజ్యంలో సూ సోంగ్ అనే అధికారి 11వ శతాబ్దం చివర రాజధాని కైఫెంగ్‌లో కట్టించిన ఖగోళ గోపురం గురించి ఆయన రాసిన పుస్తకమే మిగిలింది. గోపురం ఎత్తు సుమారు 12 మీటర్లు. నీడ్‌హామ్, వాంగ్ లింగ్, విజ్ఞాన చరిత్రకారుడు డెరెక్ ప్రైస్ కలిసి ఆ పుస్తకంలోని బొమ్మలనూ సాంకేతిక పదాలనూ ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చారు. లోపల ఒక పెద్ద చక్రం, దాని అంచున 36 గిన్నెలు. నీటిమట్టం మారకుండా ఉంచే తొట్టి నుంచి ధార ఒక గిన్నెలో పడుతూ ఉంటుంది. గిన్నె నిండి బరువెక్కగానే మీట వంగి అడ్డు తొలగుతుంది, చక్రం ఒక్క గిన్నె మేర ముందుకు జరుగుతుంది, వెంటనే అడ్డు మళ్లీ పడి చక్రాన్ని ఆపేస్తుంది. ఇలా కదలిక, ఆగడం, కదలిక. ఆ చక్రమే పైన కంచు గోళయంత్రాన్ని తిప్పుతుంది, కింద అంతస్తుల్లో బొమ్మలను బయటికి తెచ్చి గంటలు, డోళ్లు మోగిస్తుంది. కదలికను కొలతగా తుంచి వదిలే ఈ అమరికే గడియారానికి ప్రాణం. దీని మూలాలను వాళ్లు ఇంకా వెనక్కి, 725 ప్రాంతంలో బౌద్ధ భిక్షువు యీ షింగ్, లియాంగ్ లింగ్‌జాన్ చేసిన యంత్రం దాకా తీసుకెళ్లారు. యీ షింగ్ గురువుల్లో శుభాకరసింహుడు, వజ్రబోధి అనే భారతీయులున్నారు. పరిశోధన 'హెవెన్లీ క్లాక్‌వర్క్' పేరుతో 1960లో పుస్తకమైంది.

మూలగ్రంథం ఏది, ఏ ప్రతి, ఏ సంవత్సరం, అందులో ఉన్న పదాలేమిటి, ఆ పదాలకు యంత్రంలో ఏ భాగం సరిపోతుంది, తవ్వకాల్లో దొరికినదానితో పొసుగుతుందా, ఇతర దేశాల్లో ఆ కాలంలో ఏముంది. ఇన్ని ప్రశ్నలు దాటి నిలిచిన విషయమే ఆయన పేజీకి ఎక్కింది. 1620లో ఫ్రాన్సిస్ బేకన్ లోకాన్ని మార్చేసినవిగా చెప్పి, పుట్టుక అస్పష్టమన్న ముద్రణ, తుపాకిమందు, దిక్సూచి మూడింటికీ చైనా మూలాలను నిలబెట్టింది ఈ పద్ధతే.

ఇదే మనిషి 1952లో దారి తప్పారు. కొరియా యుద్ధంలో అమెరికా క్రిమి ఆయుధాలు వాడిందని చైనా, ఉత్తర కొరియా ఆరోపించాయి. విచారణకు ఏర్పడిన అంతర్జాతీయ శాస్త్రీయ సంఘంలో నీడ్‌హామ్ ప్రముఖ సభ్యుడిగా ఆ వేసవిలో చైనా వెళ్లారు. ఆరోపణ నిజమేనని సంఘం లావుపాటి నివేదిక ఇచ్చింది. క్రిములు చల్లడాన్ని సంఘం సభ్యులెవరూ కళ్లారా చూడలేదు. చూపించిన నమూనాలు, చదివి వినిపించిన సాక్ష్యాలు, పట్టుబడ్డ విమాన సిబ్బంది వాంగ్మూలాలు, వీటి మీదే తీర్పు నిలబడింది. నీడ్‌హామ్ నమ్మకానికి ముఖ్య కారణం చైనా క్రిమిశాస్త్రజ్ఞుల మీద ఆయనకున్న గౌరవం. యుద్ధకాలంలో ఆకలితో, అరకొర పరికరాలతో నిజాయితీగా పనిచేసిన వర్గం వాళ్లు, అలాంటివాళ్లు అబద్ధం చెప్పరని నమ్మారు. 1998లో వెలుగుచూసిన సోవియట్ పత్రాలు ఆ ఆధారాలను కల్పించారని చెబుతున్నాయి. ఆ పత్రాల మీద వాదించేవారు ఇంకా ఉన్నా, చరిత్రకారుల్లో ఎక్కువమంది ఆరోపణను నమ్మడం లేదు.

ఆయన పదకొండో శతాబ్దపు గడియారం విషయంలో అడిగిన ప్రశ్నలను తన కాలపు ఆరోపణ విషయంలో అడగలేదు. ప్రేమించిన దేశం మీదా, నమ్మిన స్నేహితుల మీదా అనుమానం తలెత్తనివ్వలేదు. దీనికి ఆయన మూల్యం చెల్లించారు. స్వదేశంలో చాలామంది ముఖం చాటేశారు. 1970ల దాకా అమెరికా వీసా ఇవ్వలేదు. మావో కాలపు చైనా మీదా ఆయనకు చాలాకాలం ఆశ మిగిలింది. సాంస్కృతిక విప్లవంలో శాస్త్రవేత్తలు పడ్డ బాధల గురించి 1978లో 'నేచర్' పత్రికలో ఆయన రాసిన వ్యాసం వచ్చేసరికి ఆలస్యమైంది. ఈ మాట చెప్పకుండా ఆయన స్మృతికి పూలదండ వేస్తే, సాక్ష్యం కోసం అంతగా పరితపించిన మనిషికి అన్యాయం చేసినట్టే.

'నీడ్‌హామ్ ప్రశ్న' మీదా గట్టి విమర్శ వచ్చింది. నీడ్‌హామ్‌తో కలిసి పనిచేసిన అమెరికన్ చరిత్రకారుడు నేథన్ సివిన్, జరగనిదాని గురించి ఎందుకు జరగలేదని అడగడం, ఇవాళ్టి పేపర్లో మూడో పేజీలో నీ పేరెందుకు పడలేదని అడిగినట్టుంటుందని వాదించారు. చైనావాళ్లు తమ కాలంలో తమ అవసరాలకు ఏం చేశారో దాన్ని దాని లెక్కలోనే చూడాలని సివిన్ పట్టు. ఆ వాదనలో బలముంది. ఉద్యోగిస్వామ్యం బలిసి వర్తక వర్గం ఎదగకపోవడమే కారణమన్న నీడ్‌హామ్ సమాధానం ఇవాళ ఎవరికీ పూర్తిగా రుచించదు. అయినా ఆ ప్రశ్న లేకపోతే ఆ పాతిక పుస్తకాలు లేవు.

తెలుగునాట నీడ్‌హామ్ పద్ధతి ఎక్కడ పనికొస్తుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ. 1956లో నీడ్‌హామ్ లండన్‌లో డికిన్సన్ స్మారకోపన్యాసం ఇచ్చారు. విషయం, చైనాలో ఇనుము, ఉక్కు సాంకేతికత ఎలా పెరిగిందన్నది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నాటికే చైనావాళ్లు ఇనుమును కరిగించి పోతపోయడం మొదలుకొని, కొలిమి, తిత్తి, ఉక్కు దాకా వరసగా చూపించారు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ఇరాన్ దాకా పోయేది. భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయ్సీ ఆ పనిని కళ్లారా చూసి రాసినది 1832లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును కలిపి మూసలో పెట్టడం దగ్గర్నుంచి, దగ్గరుండి సరుకు చూసుకునే ఇస్ఫహాన్ వర్తకుడి దాకా ఆయన రాశాడు. కోనసముద్రం కమ్మరులకు గర్వంగా సలాం చేయడం సులువే. మూస మట్టిలో ఏం కలిపారు, మంట ఎన్ని గంటలు, చిట్టెం కుప్పల వయసెంత, వాళ్ల ఇంటిపేర్లేమిటి అని చైనా కొలిమికి నీడ్‌హామ్ చేసినంత వివరంగా రాసిపెట్టడం మనకు ఇంకా బాకీ ఉన్న పని.

1966లో కేంబ్రిడ్జి గాన్‌విల్ అండ్ కీస్ కళాశాల ఆయనను అధిపతిగా ఎన్నుకుంది. పదేళ్లు ఆ బాధ్యత మోస్తూనే రాత సాగించారు. వాంగ్ లింగ్ 1957లో ఆస్ట్రేలియా వెళ్లిపోయాక ఆయన స్థానంలో ముఖ్య సహకారిగా లూ గ్వేజెన్ వచ్చారు. యుద్ధం తర్వాత జెజియాంగ్ విశ్వవిద్యాలయ అధిపతి, వాతావరణ శాస్త్రవేత్త జూ కెజెన్ పెట్టెలకొద్దీ పంపిన పుస్తకాలు, అందులో పదివేల ఖండాల ప్రాచీన విజ్ఞానసర్వస్వం, వాళ్ల గ్రంథాలయానికి మూలధనం. అదే పెరిగి నీడ్‌హామ్ పరిశోధన సంస్థ అయింది. డొరొతీ 1987లో పోయారు. 1989లో నీడ్‌హామ్, లూ పెళ్లి చేసుకున్నారు. ఆయనకు ఎనభై ఎనిమిది, ఆమెకు ఎనభై ఐదు. రెండేళ్లకే ఆమె కన్నుమూశారు. 1994లో చైనా విజ్ఞాన అకాడమీ తన తొలి విదేశీ సభ్యుల్లో ఒకరిగా ఆయనను చేర్చుకుంది.

ఆయన పోయాక కూడా పుస్తకాలు ఆగలేదు. వైద్యం మీది భాగం, నీడ్‌హామ్, లూ గ్వేజెన్ పేర్లతో, 2000లో వెలువడింది. సంపాదకుడు నేథన్ సివిన్. మూలరచయితలు వైద్య చరిత్రను చూసిన తీరుతో తనకు ఎక్కడెక్కడ ఏకీభావం లేదో సివిన్ ఆ పుస్తకానికే రాసిన పీఠికలో దాపరికం లేకుండా చెప్పారు. నీడ్‌హామ్ ముగింపు ఆలోచనలున్న ఏడో సంపుటం రెండో భాగం 2004లో వచ్చింది. వృక్షశాస్త్రం మీద జార్జ్ మెతాయీ రాసిన భాగం 2015లో వచ్చింది.